పిల్లల నిద్ర చూసుకుని క్రిస్మస్ ప్లాన్ చేస్కోండి (చిన్నపిల్లలున్న ఇళ్ళకి)

మా పెద్దోడికి రెండేళ్ళున్నప్పటి క్రిస్మస్ ఫోటో ఒకటి మా అత్తయ్య గారు ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టారు. అందులో మేమందరం నవ్వుతున్నాం, వాడొక్కడు మాత్రం నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు, మెడ చుట్టూ షేర్వాణీ కాలర్ ఒరుసుకుపోయి ఎర్రగా దద్దుర్లు కూడా కనిపిస్తాయి చూస్తే. ఆ రోజు ఏం జరిగిందంటే, అర్ధరాత్రి ఒకటిన్నరకి క్యారల్స్ వాళ్ళొచ్చి కరెక్టుగా వాడు పడుకున్న గది కిటికీ కింద డ్రమ్ కొట్టారు, వాడు ఉలిక్కిపడి లేచి ఇంక పడుకోలేదు, నాలుగున్నరకి స్నానం చేయించి ఐదింటి ఆరాధనకి తీసుకెళ్ళాం, మళ్ళీ పదింటి ఆరాధన, తర్వాత చుట్టాలు, మధ్యాహ్నం మూడింటికి బిర్యానీ, ఆ బిర్యానీ ముందు కూర్చోబెట్టి తీసిన ఫోటో అది. వాడు నాలుగింటికి అన్నం ప్లేటు పక్కనే పడిపోయి నిద్రపోయాడు, రాత్రి తొమ్మిదికి లేచి తెల్లారిందాకా ఆడాడు. నేను 26న జ్వరంతో పడ్డాను.

అప్పట్నుంచి నాకర్థమైంది ఒకటే, మనం పండగ ప్రోగ్రాం అంతా వేసుకుని మధ్యలో ఎక్కడో పిల్లల్ని ఇరికిస్తాం. తిరగెయ్యాలి. ముందు వాళ్ళ నిద్ర, తిండి టైములు కాగితం మీద రాసుకుని, మిగిలిన ఖాళీల్లో పండగని పెట్టుకోవాలి. ఇప్పుడు మాకు ఇద్దరు, పెద్దోడికి ఆరు, చిన్నదానికి రెండున్నర. హైదరాబాద్‌లో ఉంటాం, పండక్కి తెనాలి దగ్గర మా అత్తగారి ఊరు వెళ్తాం. గత మూడేళ్ళుగా ఎలా చేస్తున్నామో రాస్తున్నా, మీ ఇంటికి ఏది కుదిరితే అది తీసుకోండి.

ముందు ఆ కాగితం

ఒకటి రెండేళ్ళ పిల్లలకి రోజు మొత్తం మీద 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, మూడు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి 10 నుంచి 13, పగటి కునుకుతో కలిపి. మా చిన్నది మధ్యాహ్నం పన్నెండున్నరకి పడుకుని రెండున్నరకి లేస్తుంది, రాత్రి ఎనిమిదిన్నరకల్లా దానికి కళ్ళు మూతలు పడిపోతాయి. సో 24, 25 తారీఖుల్లో ఆ పన్నెండున్నర నుంచి రెండున్నర వరకు మా ఇంట్లో ఏ ప్రోగ్రామూ ఉండదు. చుట్టాలొస్తే వస్తారు, వాళ్ళు హాల్లో కూర్చుంటారు, పాప లోపల పడుకుంటుంది.

చాలామంది స్వీట్లు ఎక్కువ తిన్నారు అందుకే ఎగురుతున్నారు అంటారు గానీ, చక్కెర వల్ల పిల్లలు అలా అవుతారన్న మాట పరీక్షల్లో నిలబడలేదు. పండగ రోజు సాయంత్రం మీ పిల్లలు నేల మీద పడి దొర్లుతుంటే ముందు మధ్యాహ్నం పడుకున్నారా లేదా అని గుర్తు తెచ్చుకోండి.

ఈ కాగితం అత్తయ్య గారికి నవంబర్‌లోనే చెప్పేయాలి, పండగ రోజు పొద్దున చెప్తే గొడవ అవుద్ది. నేను భయపడుతూ భయపడుతూ ఫోన్ చేశాను మొదటిసారి, ఏమంటారో అని. ఆవిడ ఏమన్నారంటే, "పిల్లదానికి నిద్రొస్తే పడుకోబెట్టమ్మా, చుట్టాలెక్కడికి పోతారు, బిర్యానీ తినకుండా పోరుగా" అన్నారు. మనం అనవసరంగా ఊహించుకుని టెన్షన్ పడతాం కొన్నిసార్లు.

టికెట్లు, బట్టలు: డిసెంబర్ రాకముందే అయిపోవాల్సినవి

ట్రైన్ రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు ఓపెన్ అయ్యేది, 2024 నవంబర్ నుంచి 60 రోజులే. అంటే డిసెంబర్ 23కి టికెట్ కావాలంటే అక్టోబర్ 24 పొద్దున 8 గంటలకి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. ఐదేళ్ళు నిండని పిల్లలకి బెర్త్ అడక్కపోతే టికెట్ అక్కర్లేదు, ఐదు దాటాక బెర్త్ కావాలంటే ఫుల్ చార్జీ. మా అనుభవంలో రెండున్నరేళ్ళ దాన్ని ఒకే బెర్త్‌లో పక్కన పడుకోబెట్టుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు, అందుకే నేనైతే పగటి ట్రైన్ ఎక్కుతాను, కిటికీ పక్కన కూర్చోబెడితే కృష్ణ బ్రిడ్జి వచ్చేదాకా ఏదో ఒకటి చూస్తుంటారు. ఇంకోటి, 24న ప్రయాణం పెట్టుకోకండి. 22 లేకపోతే 23న దిగిపోతే పిల్లలకి ఆ ఇల్లు, ఆ మంచం, ఆ బాత్రూమ్ అలవాటవడానికి ఒక రోజు దొరుకుతుంది.

బట్టలు. టైలర్‌కి ఇచ్చేవైతే నవంబర్ పదిహేనుకే ఇచ్చేయండి, డిసెంబర్‌లో ఏ టైలరూ మాట మీద నిలబడడు, పాపం వాళ్ళదీ తప్పు కాదు. పిల్లల బట్టలు కొన్నాక ఒక్కసారి ఉతకండి, కొత్తబట్ట ఉతికితే కొత్తదనం పోతుందని మన పెద్దవాళ్ళకి ఒక ఫీలింగ్ ఉంటుంది గానీ గంజి గట్టిదనం పోతే పిల్ల గీక్కోదు. నెట్ ఫ్రాకులకి లోపల కాటన్ లైనింగ్ ఉందా లేదా షాపులోనే తిరగేసి చూడండి. కొత్త బూట్లు డిసెంబర్ మొదటివారం నుంచి ఇంట్లో రోజూ పది నిమిషాలు వేయించండి. ఇంకా పండగ రోజుకి రెండో జత ఒకటి పాతదే, మెత్తటిది, బ్యాగులో ఉండాలి, ఆరాధన అవ్వగానే మార్చేయడానికి. ఫోటోలు ఇంట్లోంచి బయల్దేరే ముందే తీసేస్కోండి. నిజంగా చెప్తున్నా, పొద్దున పిల్లలు ఫ్రెష్‌గా ఉన్నప్పుడు గుమ్మం ముందు స్టార్ కింద నిలబెట్టి తీసిన ఫోటోలే బాగా వస్తాయి.

"అమ్మా క్రిస్మస్ ఇంకెన్ని రోజులు"

ఈ ప్రశ్న నవంబర్ నెలాఖరు నుంచి రోజుకి ముప్పై సార్లు వస్తుంది. పాత క్యాలెండర్ కాగితాలు చీల్చి 25 పట్టీలు కోయండి, ఒక్కోటి గుండ్రంగా చుట్టి ఒకదాంట్లో ఒకటి దూర్చి జిగురు పెడితే గొలుసు అవుతుంది. అది గోడకి వేలాడదీసి డిసెంబర్ 1 నుంచి రోజుకొకటి చింపమనండి. మిగిలినవి వాళ్ళే లెక్కపెట్టుకుంటారు. మా పెద్దోడు అలానే పాతిక వరకు వెనక్కి లెక్కపెట్టడం నేర్చుకున్నాడు, స్కూల్ వాళ్ళు నేర్పిస్తే రాలేదు.

పశువుల పాక (యేసు పుట్టిన పాకని బొమ్మలతో) పెట్టే ఇళ్ళయితే ఇంకో మంచి పని ఉంది. ఒక పళ్ళెంలో రెండు వేళ్ళ మందం మట్టి పోసి డిసెంబర్ 14, 15 తారీఖుల్లో మెంతులు చల్లించండి పిల్లలతో, రోజూ చేత్తో నీళ్ళు చిలకరించమనండి. పండగ నాటికి పచ్చగా లేస్తుంది, దాన్నే పాక ముందు గడ్డిలా పెట్టొచ్చు. బొమ్మల్లో మాత్రం పిల్లల చేతికి అందే ఎత్తులో మట్టి బొమ్మలు పెట్టి "ముట్టుకోవద్దు" అని రోజంతా అరవడం కంటే, చెక్కవో ప్లాస్టిక్‌వో తెచ్చి ఆడుకోనివ్వండి. మా ఇంట్లో బాలయేసు బొమ్మ రెండుసార్లు ఫ్రిజ్‌లో దొరికింది, ఒకసారి వాళ్ళ నాన్న బూటులో. గొర్రెలు ఎక్కడున్నాయో ఇప్పటికీ తెలీదు.

చెట్టు అంటారా, మా బాపట్ల, చీరాల వైపు సరుగుడు తోటలెక్కువ కాబట్టి సరుగుడు కొమ్మ తెచ్చి ఇసుక బకెట్లో నిలబెడతారు, ప్లాస్టిక్ చెట్టుకంటే నాకదే ఇష్టం, ఆ వాసన వేరు. బకెట్ నిండా ఇసుక పోసి పైన రెండు ఇటుకలు పెట్టండి, లేకపోతే పిల్లలు లాగితే మీద పడుతుంది. కింది కొమ్మలకి దూది, కాగితం పువ్వులు, పగిలేవన్నీ పైకి. బెలూన్లు కడితే పగిలిన ముక్కలు వెంటనే ఏరేయాలి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడుద్ది.

కాగితం స్టార్‌లో మా చిన్నప్పుడు 60 వాట్ల బల్బు పెట్టేవాళ్ళు, కాగితం కమిలిపోయేది. ఇప్పుడు 5 వాట్ల ఎల్‌ఈడీ చాలు. సీరియల్ లైట్ల వైరు ఎక్కడైనా తొక్క లేచి ఉందేమో పెట్టెలోంచి తీసినప్పుడే చూడండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద పెట్టకండి. అంతే, డెకరేషన్ గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

వంటలు: అరిసెలు కొనండి, గవ్వలు చేయండి

ఇది కొంతమందికి నచ్చదని తెలుసు. అరిసెలంటే కేజీ బియ్యం ఒక పగలు ఒక రాత్రి నానబెట్టాలి, నీళ్ళు మార్చాలి, తడిపిండి పట్టించాలి, ముప్పావు కేజీ బెల్లం పాకం పట్టాలి, ఆ పాకం నీళ్ళలో వేస్తే ఉండ కట్టే టైమ్‌కి కరెక్టుగా పిండి పోస్తూ ఒకళ్ళు కలపాలి, ఒకళ్ళు నూనె దగ్గర ఉండాలి, ఒకళ్ళు వత్తాలి. పాకం ఒక్క నిమిషం దాటితే రాయి. ఈ టైమ్‌లో రెండేళ్ళ పిల్ల వచ్చి కొంగు లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఊళ్ళో నలుగురు ఆడవాళ్ళు కలిసి చేసుకుంటారు, అక్కడైతే చేయండి, పిల్లల్ని వేరే ఇంట్లో పెట్టి. సిటీలో ఒక్కదానివే ఉంటే స్వీట్ షాపులోనో, ఇంట్లో చేసి అమ్మేవాళ్ళ దగ్గరో ఆర్డర్ ఇచ్చేయ్, దానికేం తక్కువ కాదు.

గవ్వలు మాత్రం పిల్లలతో చేయాలి, అది వాళ్ళ పండగ. రెండు కప్పుల మైదా (సగం గోధుమపిండి కూడా కలపొచ్చు), రెండు స్పూన్లు బొంబాయి రవ్వ, చిటికెడు ఉప్పు, రెండు స్పూన్లు వేడి నెయ్యి వేసి నీళ్ళతో ముద్ద కలిపి అరగంట మూత పెట్టండి. తర్వాత నేల మీద దుప్పటి పరిచి, ప్లేట్లు పెట్టి, పిల్లల చేతికి గోలీ సైజు ఉండలివ్వండి. గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి ముందుకి జరిపితే ఉండ దానంతటదే చుట్టుకుంటుంది, వీపు మీద గీతలు పడతాయి. చెక్క లేకపోతే కొత్త దువ్వెన కడిగి వాడండి, ఫోర్కు అయినా సరే.

పోయినేడు మా పెద్దోడు పొట్టి నాలుక బయటపెట్టి, ఒక్కోటి చుట్టి, "ఇది గవ్వ", "ఇది నత్త", "ఇది చెవి" అని మూడు కుప్పలు పెట్టాడు. చిన్నది నొక్కడం రాక అన్నీ అప్పడాల్లా చదును చేసింది, పిండి సగం మోచేతులకి, సగం జుట్టుకి. ఆ చదును చేసినవి కూడా వేయించాను, పారేయలేదు, పాకం పట్టాక చూస్తే అవే ముందు అయిపోయాయి, ఎందుకంటే కరకరలాడుతున్నాయి కదా. ఒకటిన్నర గంట పట్టింది, ఆ ఒకటిన్నర గంట ఇంట్లో టీవీ లేదు, ఫోన్ లేదు, గొడవ లేదు.

వేయించడం మాత్రం పిల్లలు పడుకున్నాకే. వేడి నూనె ఉన్నప్పుడు వంటగది గుమ్మానికి అడ్డంగా కుర్చీ పెట్టండి, మూకుడు వెనక పొయ్యి మీద పెట్టండి. పొరపాటున కాలితే చన్నీళ్ళ కొళాయి కింద 20 నిమిషాలు పెట్టాలి, టూత్‌పేస్ట్, నూనె, పసుపు ఏవీ రాయొద్దు, బొబ్బ పెద్దదైతే వెంటనే డాక్టర్ దగ్గరికి. చుట్టుపక్కల వాళ్ళకి పంచే ప్లేట్లలో చెక్కలు, జీడిపప్పు పాకం, పల్లీలుండలు ఉంటాయి కదా, నాలుగేళ్ళ లోపు పిల్లలకి గుండు పల్లీలు, జీడిపప్పు పలుకులు, గట్టి చాక్లెట్ బిళ్ళలు ఇవ్వకండి, ఎవరైనా పెడుతుంటే మొహమాటపడకుండా తీసేసుకోండి.

ప్లమ్ కేకు కూడా కొనేయొచ్చు. ఇంట్లో చేసేవాళ్ళు డ్రైఫ్రూట్స్ నానబెట్టడానికి రమ్ బదులు నారింజ రసం వాడండి, పిల్లలు కూడా తింటారు.

సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్, నాటిక

డిసెంబర్ ఒకటి దాటిందంటే స్కూల్లో సెమీ క్రిస్మస్ (పండగకి ముందే చేసే క్రిస్మస్ వేడుక), ఆఫీసులో సెమీ క్రిస్మస్, అపార్ట్‌మెంట్‌లో, సంఘంలో యూత్‌ది, స్త్రీల సమాజంది, అన్నిట్లో కేకు, అన్నిట్లో బిర్యానీ, అన్నీ రాత్రి పదింటికి మొదలవుతాయి ఏడింటికి అని చెప్పి. మేం రెండిటికే వెళ్తాం, ఒకటి స్కూల్‌ది, ఒకటి సంఘానిది. మిగిలినవాటికి మా ఆయన ఒక్కరే వెళ్ళి కేకు ముక్క తెస్తారు.

క్యారల్స్ వాళ్ళ సంగతి ఇందాకే చెప్పా కదా. దీనికి మందు చాలా సింపుల్. ఊరికెళ్ళిన రోజే యూత్ లీడర్ తమ్ముణ్ణి పిలిచి, "తమ్ముడూ, ఈసారి మా ఇంటితోనే మొదలుపెట్టండి, ఎనిమిదింటికల్లా వస్తే టీ, బజ్జీలు రెడీగా ఉంటాయి" అని చెప్పండి. బజ్జీలంటే ఎనిమిదింటికి వస్తారు. పిల్లలు మెలకువగా ఉంటారు, క్రిస్మస్ తాత చేయి పట్టుకుంటారు, గిటార్ అన్న పక్కన నిలబడి పాడతారు, కానుక కవరు పిల్లల చేత్తోనే వేయించొచ్చు. క్రిస్మస్ తాతని చూసి చిన్నది జడుసుకుంటే బలవంతంగా ఎత్తుకోబెట్టకండి, పోయిన్సారి మాదైతే ఆ తాత గడ్డం తీసి "నేనే పాపా" అన్నాక ఇంకా గట్టిగా ఏడ్చింది.

సండే స్కూల్ నాటికలో వేషం ఇస్తే ముందు కాస్ట్యూమ్ వేసి అరగంట ఇంట్లో తిప్పండి. మేం తిప్పలేదు. పెద్దోణ్ణి గొర్రె వేశారు నాలుగేళ్ళప్పుడు, నేను రాత్రంతా కూర్చుని బనీనుకి దూది ఉండలు అంటించా, చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో. స్టేజి ఎక్కిన రెండు నిమిషాలకి దురద మొదలైంది, గొర్రెల కాపరులకి దేవదూత శుభవార్త చెప్తున్న టైమ్‌లో మా గొర్రె బట్టలు విప్పేసి చెడ్డీతో నిలబడింది. సంఘమంతా ఒకటే నవ్వు, దేవదూత కూడా నవ్వి డైలాగ్ మర్చిపోయింది. దూది పైన అంటించేటప్పుడు లోపల పాత మెత్తటి టీషర్ట్ వేయాలని అప్పుడు తెలిసింది. దేవదూత రెక్కల మిలమిల దారం మెడకి తగలకుండా చూడండి, కాపరికి తలగుడ్డ వదులుగా కట్టండి, జ్ఞానులకైతే కిరీటం కళ్ళ మీదకి జారకుండా లోపల స్పాంజి. కంఠత వాక్యం (చూడకుండా అప్పజెప్పే బైబిల్ వాక్యం) మూడేళ్ళ వాళ్ళకి మొత్తం ఇస్తే రాదు, సగం వాక్యం చాలని టీచరమ్మని అడగండి, ఇస్తారు.

24 రాత్రి, 25 పొద్దున

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి, ఒకే ఆరాధన. కాథలిక్కులకి 24 అర్ధరాత్రి పూజ ఉంటుంది, మా లూథరన్ వాళ్ళకి, ఇంకా చాలా సంఘాల్లో తెల్లవారుజామున ఒకటి, పొద్దెక్కాక ఒకటి. అన్నిటికీ పిల్లల్ని తిప్పితే మా ఫోటోలాంటిదే మీ హాల్లో కూడా వేలాడుతుంది. మా ఇంట్లో తెల్లవారుజాము దానికి నేను, మా ఆయన ఒక ఏడు ఒకళ్ళం చొప్పున వెళ్తాం, వాళ్ళ అత్తయ్య తోడు వస్తుంది, పిల్లలు పడుకుంటారు. పదింటికి అందరం కలిసి వెళ్తాం. పిల్లలు ఏడింటికి లేచి, ఇడ్లీ తిని, ఫోటోలు దిగి, వాళ్ళంతట వాళ్ళు నడుచుకుంటూ వస్తారు. అర్ధరాత్రి పూజకి తీసుకెళ్ళాల్సిందే అంటే ఆ రోజు మధ్యాహ్నం కునుకు పెద్దగా పడాలి, సాయంత్రం ఏడింటికి అన్నం పెట్టి మళ్ళీ ఓ రెండు గంటలు పడుకోబెట్టి, నిద్రలోనే స్వెటర్, మంకీ క్యాప్ వేసి ఎత్తుకెళ్ళండి. కొవ్వొత్తులు పిల్లల చేతికి కాదు.

గుడిలో ఎక్కడ కూర్చోవాలన్నది పెద్ద విషయం. సౌండ్ బాక్స్ పక్కన అస్సలు వద్దు, చిన్నపిల్లల చెవులు. తలుపుకి దగ్గరగా, గోడ వైపు, చాప చివర. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఒకవైపు మగవాళ్ళు ఒకవైపు కింద చాపల మీద కూర్చుంటారు, పిల్లలు అమ్మ దగ్గర్నుంచి నాన్న దగ్గరికి మధ్య దారిలో పరిగెత్తుతూ ఉంటారు, దాన్ని ఆపాలని చూడకండి, కొంచెంసేపు తిరిగి వాళ్ళే వస్తారు. సంచిలో నీళ్ళు, మరమరాలు, చప్పుడు చేయని బొమ్మ ఒకటి, తడి గుడ్డ, ఒక జత చెడ్డీలు. ప్రసంగం మొదలయ్యాక బయటికి తీసుకెళ్ళి వేపచెట్టు కింద తిప్పండి, పాస్టర్ గారేం అనుకోరు, ఆయనకీ పిల్లలున్నారు.

మధ్యాహ్నం

బిర్యానీ రెండున్నర లోపు అవదు. ఎన్నేళ్ళు చూసినా అవదు. కాబట్టి పదకొండున్నర, పన్నెండు మధ్యలో పిల్లలకి పప్పన్నమో పెరుగన్నమో పెట్టేసి పడుకోబెట్టండి. "పండగ పూట పెరుగన్నమేంటి" అంటారు ఎవరో ఒకళ్ళు, అననివ్వండి. వాళ్ళు లేచేసరికి బిర్యానీ రెడీ, ఎముకలు తీసి రెండు ముద్దలు పెడితే హాయిగా తింటారు, మనం కూడా వేడిగా తింటాం, పిల్లని ఒళ్ళో వేసుకుని చల్లారిన బిర్యానీ తినే బాధ తప్పుతుంది.

చుట్టాలొచ్చినప్పుడు పిల్లల్ని ఒకళ్ళ చేతుల్లోంచి ఒకళ్ళ చేతుల్లోకి మార్చడం, బుగ్గలు గిల్లడం, "పాట పాడు నాన్నా, వాక్యం చెప్పు నాన్నా" అనడం మామూలే. మేం పిల్లలకి ముందే చెప్తాం, వచ్చినవాళ్ళకి చేతులు జోడించి "వందనాలు" అంటే చాలు, ముద్దు పెట్టించుకోవడం, పాడటం నీ ఇష్టం అని. పెద్దాయన ఎవరైనా నొచ్చుకుంటే నేనే ఒక పాట పాడేస్తాను, అప్పుడు ఆయనే ఆపమంటారు.

గిఫ్టులు సాయంత్రం, అన్నాలు తిన్నాక. ఒక్కోళ్ళకి మా నుంచి ఒకటే. బొమ్మకి బ్యాటరీలు, చిన్న స్క్రూడ్రైవర్ ముందే తెచ్చి పెట్టుకోండి, 25న షాపులు వెతుక్కోవడం నరకం. బిళ్ళ బ్యాటరీలు ఉండే బొమ్మలు, మ్యూజిక్ కార్డులు చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. పొరపాటున మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు, ఎదురుచూడొద్దు, నేరుగా హాస్పిటల్‌కి. ఊరెళ్ళినప్పుడు 25న తెరిచి ఉండే పిల్లల హాస్పిటల్ ఏదో ముందురోజే కనుక్కోండి, జ్వరం సిరప్ డోసు మీ డాక్టర్‌ని బరువు చెప్పి అడిగి కాగితం మీద రాసి సంచిలో వేస్కోండి, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కూడా.

మా వైపు క్రిస్మస్‌కి బాణసంచా కూడా కాలుస్తారు. ఐదేళ్ళ లోపు వాళ్ళకి కాకరపువ్వొత్తి కూడా ఇవ్వకండి, మెరుపులు చూడ్డానికి చల్లగా ఉంటాయి గానీ ఆ చువ్వ విపరీతమైన వేడి. మేడ మీద నుంచి చూపించండి.

పెద్ద చర్చికి తీసుకెళ్ళాలనుకుంటే

హైదరాబాద్‌లోనే పండగ చేసుకునేవాళ్ళు చాలామంది 25న మెదక్ చర్చికి బయల్దేరతారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన చర్చి, కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొరగారు జనానికి పని, తిండి దొరకాలని కట్టించారని చెప్తారు, తప్పకుండా చూడాల్సిందే, కానీ చిన్నపిల్లలతో 25న వద్దండి బాబూ, ఆ జనంలో చెయ్యి వదిలితే అంతే. డిసెంబర్ మొదట్లో మామూలు రోజు పొద్దున వెళ్ళండి. హైదరాబాద్ నుంచి ఓ 100 కిలోమీటర్లు. పగలే ఎందుకంటే, అక్కడి రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు పుట్టుక బొమ్మ వెనక నుంచి ఎండ పడితేనే కనపడుతుంది, చీకటి పడితే ఏమీ కనపడదు. మా పెద్దోడు దాని కింద నేల మీద వెల్లకిలా పడుకుని చూశాడు, లేపబోతే కాపలా ఆయనే "ఉండనీయమ్మా" అన్నాడు.

26, ఆ తర్వాత

26న ఏమీ పెట్టుకోకండి. తెలంగాణలో ఎలాగూ సెలవే. పాత బట్టలు, మిగిలిన బిర్యానీ, పిల్లలు ఎంతసేపు పడుకుంటే అంతసేపు. తిరుగు ప్రయాణం 27న.

ఇంక 31 రాత్రి వాచ్ నైట్ సర్వీస్ (కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టే ఆరాధన) ఉంది కదా, దానికీ ఇదే లెక్క, పిల్లల దగ్గర ఉండేది ఒకళ్ళు, వెళ్ళేది ఒకళ్ళు. క్రిస్మస్ తెల్లవారుజాముకి నేను వెళ్తే 31కి ఆయన వెళ్తారు. ఈసారి అక్కడ ఇచ్చే బైబిల్ వాక్యం కార్డు నాక్కూడా ఒకటి తెమ్మని చెప్పా, పోయినేడు మర్చిపోయి తనది ఒక్కటే తెచ్చుకున్నారు.